కీర్తిశేషుల పదోన్నతి

చెరుకుపల్లి కూడలిలో రేపల్లె బస్సుకో బాపట్ల బస్సుకో నిరీక్షించువాని ప్రక్కకు మెల్లగా జరిగి, ఎండనుగూర్చి యొక మాట, ధాన్యము ధరనుగూర్చి మరియొక మాట పలికి, మూడవ మాటకు "మా నాన్నగారి హయాంలో..." అని యారంభించు పెద్దమనిషి నెరుగనివారు ఈ ప్రాంతమున అరుదు. ఆయన యొక్కడే యని భ్రమింపకుడు. ఆరుంబాక, కనగాల, గుళ్ళపల్లి, కావూరు, ఎచ్చట మాజీ కరణముగారి కుమారుడు మిగిలియున్నాడో అచ్చట నెల్ల ఆయన కలడు.

నిజమున కా తండ్రిగారు మితభాషి. తెల్లవారుసరికి వీధియరుగుపై చాప పరచుకొని, ఏ సర్వే నంబరులో ఏ పైరున్నదో అడంగలులో నెక్కించుచు, నీటితీరువా లెక్కకట్టుచు, గట్టుతగవు వచ్చినప్పుడు 66 అడుగుల గొలుసును వెట్టివాని భుజమున కెత్తి పొలముల వెంబడి నడచుచు ఆయన యాయువు గడచెను. జమాబందీ వచ్చెనా, దస్త్రమును ఎఱ్ఱగుడ్డలో మూటగట్టించి రేపల్లెకు ప్రయాణము. ఊరిలో మోతుబరులను సైతము గడగడలాడించిన యా కలము, తహశీల్దారుగారి బంట్రోతును చూచినంతనే సిరా యింకిపోయిన ట్లయ్యెడిది. జీతము స్వల్పము, గౌరవ మధికము, శాపనార్థములు అంతకన్న నధికము. రామారావుగారి ప్రభుత్వము 1984 జనవరి 6వ తేదీన ఆర్డినెన్సుతో గ్రామాధికారుల పదవులను రద్దు చేయగా, దస్త్రము లప్పగించి, అటుపై నెవరు వచ్చి యడిగినను సరిహద్దులు నోటితోనే చెప్పుచు, ఒకనాడు కాలధర్మము నొందెను.

ఆయన యభ్యున్నతి పిమ్మటనే మొదలయ్యెను.

తొలి యాబ్దికము నాటికి తహశీల్దారు ఆయన సలహా లేక సంతకము చేయ వెఱచెడివాడు. మూడవ యాబ్దికమునకు కలెక్టరు ఆయనను జూచి కుర్చీనుండి లేచెను. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ముంచి నిజాంపట్నము తీరమును చెండాడినను, చెరుకుపల్లి దాక రాకపోవుటలో సైతము ఆయన చేయి కొంత కలదని యిప్పు డిప్పుడు తెలియవచ్చుచున్నది. పదవులు రద్దు చేయునప్పుడు కూడ, ఈ యొక్క కరణము పేరు తలపునకు వచ్చి రామారావుగారి కలము క్షణకాల మాగినదట. ఆర్డినెన్సుపై సంతకము గవర్నరుగారిది గదా యని మీరన్నచో, ఆగినది గవర్నరుగారి కలమే యని కుమారుడు వెంటనే సవరించును. ఇంతటి యుదారమైన సవరణ తండ్రిగారి అడంగలులో నొక్కటియు లేదు.

"మీ నాన్న మా అయిదు సెంట్లు డొంకలో కలిపేశాడు గదయ్యా!" అని వృద్ధరైతొకడు నడుమ నడ్డువచ్చెను.

"అదే మామా ఆయన దూరదృష్టి! ఇవాళ ఆ డొంక తారురోడ్డు కాలేదూ?"

ఈ మహనీయుని నేను పరిహసింపజాలను. కరణీకము తండ్రినుండి తనకు సంక్రమించునని బాల్యమునుండి గుండ్రని చేవ్రాత నభ్యసించినవా డాయన. గ్రామోద్యోగములపై వంశపారంపర్య హక్కు రాజ్యాంగవిరుద్ధమని, పొరుగుననే యున్న పెరవలిపాలెము మునసబు పదవి వ్యాజ్యములో సుప్రీంకోర్టు 1960లోనే తేల్చినది. ఆ తీర్పు సంగతి ఆయన యింటి యరుగు దాక చేరలేదు. చేరునప్పటికి పదవియే లేదు. ఇక ఖాళీగా మిగిలిన యుద్యోగము కుమారత్వ మొక్కటియే. దానికి బదిలీ లేదు, పదవీవిరమణ లేదు, పైయధికారి తనిఖీయు లేదు.

2020 డిసెంబరులో రాష్ట్రమున భూముల రీసర్వే ప్రారంభమై, కొంతకాలమునకు డ్రోనులు మా చేలమీదికి వచ్చినప్పుడు ఆయన తుప్పుపట్టిన గొలుసును బయటికి తీసి గట్టుపై నిలిచెను. ఒక చెక్కకు మూడు సెంట్ల తేడా వచ్చినది. "శాటిలైటే ఎక్కడో పొరబడుంటుంది బాబూ, మరోసారి కొలవమనండి" అని యనునయముగా చెప్పెను. మూడు గ్రామములు తిరిగి యలసిన ఆ కుఱ్ఱ సర్వేయరు, మర్యాదకొఱకో మాట తప్పించుటకో, "ఇంతకీ మీ నాన్నగారెవరండీ?" అని యడిగెను.

ఆ మధ్యాహ్నము ఆ యూర మఱి యే పొలమును కొలువబడలేదు.