కాగితం లేని అరెస్టులు

మా రోజుల్లో ధర్నాకు పోతే మిట్టమధ్యాహ్నం దాకా ఎండలో కూర్చుని, గొంతు పోయేలా నినాదాలిచ్చి, ఆ తర్వాత అరెస్టయ్యేవాళ్లం. ఇప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి, మొహం కూడా కడుక్కోకముందే అరెస్టు. చలో అసెంబ్లీ అని పిలుపు రావడమే ఆలస్యం, ముందురోజు రాత్రే ఊళ్లలో సంఘం కార్యదర్శుల్ని, అంగన్‌వాడీ టీచర్లను, మాజీ సర్పంచులను స్టేషన్‌కు పిలిచి బెంచీల మీద కూర్చోబెడతారు. పెద్ద నాయకుడైతే ఇంటి గేటు ముందు ఎస్సై, నలుగురు కానిస్టేబుళ్లు. టీవీలో అడుగున ఒక లైను స్క్రోలింగ్ పోతుంది. ఇంట్లో ఎవరూ తలెత్తి చూడరు. ఇంత మామూలైపోయిందేమిటని నాకు కడుపు మండుతుంది.

మా కాలం మంచిదని చెప్పే ధైర్యం నాకు లేదు. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ పెట్టాక మీసా చట్టం కింద ఎంతమందిని ఎత్తుకుపోయారో చూసినవాణ్ణి. ఆ డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో భూమయ్యను, కిష్టాగౌడ్‌ను ఉరి తీశారు. 1985లో వరంగల్‌లో పౌరహక్కుల సంఘం నాయకుడు, పిల్లల డాక్టరు రామనాథాన్ని ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీలు తగ్గించమని వచ్చినవాళ్ల మీద బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిపితే ముగ్గురు పోయారు. ముదిగొండ, సోంపేట, కాకరాపల్లి కాల్పులు ఆ తర్వాతివి. లాఠీ దెబ్బల సంగతి సరేసరి.

అయినా ఒక తేడా ఉంది, అది చెప్పడానికే ఇదంతా. మా మీద కేసు పెట్టేవారు. ఎఫ్ఐఆర్‌లో పేరుండేది, మేజిస్ట్రేటు ముందు నిలబెట్టేవారు, రిమాండ్ అయితే చంచల్‌గూడ జైలు. వాయిదాలకు తిరిగి తిరిగి చెప్పులు అరిగేవి. కానీ చేతిలో ఒక కాగితం ఉండేది. ఆ కాగితం పట్టుకునే పౌరహక్కుల వకీలు కన్నబిరాన్ వాదించారు. లెక్కల మాస్టారు బాలగోపాల్ తర్వాత వకీలై వాదించింది కూడా అలాంటి కాగితాల మీదే. ఇప్పుడు పొద్దున వ్యాన్ ఎక్కిస్తారు, ఏదో స్టేడియంలోనో ఊరవతల స్టేషన్‌లోనో దింపుతారు, సభ టైము దాటిపోయాక ఇక వెళ్లండంటారు. చాలాసార్లు కేసూ ఉండదు, కాగితమూ ఉండదు. ఏమీ జరగనట్టే. కోర్టుకు పోయి ఏం చూపించాలి?

చట్టం ఏమంటోందో చూడండి. ముందుగా అరెస్టు చేసే అధికారం పాత సీఆర్‌పీసీలో 151వ సెక్షన్, 2024 జులై నుంచి బీఎన్‌ఎస్‌ఎస్‌లో 170. మనిషి నేరం చేయబోతున్నాడని పోలీసుకు తెలియాలి, అరెస్టు చేస్తే తప్ప ఆ నేరం ఆగదని అనిపించాలి, అప్పుడే వాడాలి. అదైనా 24 గంటలకు మించకూడదు. జీతం పెంచమని అడగడానికి బస్సెక్కబోయే ఆశా వర్కరు ఏ నేరం చేయబోతోంది? ఇక పోలీసులు తమంతట తాము పెట్టే హౌస్ అరెస్ట్‌కైతే ఏ సెక్షనూ లేదు. ఎవరినైనా ఇంట్లోంచి కదలనివ్వకుండా గేటు దగ్గర కూర్చోమని ఏ చట్టమూ ఎస్సైకి చెప్పలేదు. జిల్లాల్లో నెల నెలా 30 పోలీస్ యాక్ట్ అమల్లో ఉందని ప్రకటన ఇస్తుంటారు కదా, అది 1861 నాటి చట్టం, సిపాయిల తిరుగుబాటు అయ్యాక తెల్లవాళ్లు రాసుకున్నది. దాన్నే పట్టుకుని రోడ్ల మీద సభలకు అడ్డుపడుతూ ఆంధ్రప్రదేశ్‌లో 2023 జనవరిలో జీవో నంబర్ 1 తెచ్చారు. మేలో హైకోర్టు కొట్టేసింది.

పార్టీ ఏదైనా తేడా లేదు. 2011 మార్చి 10న ప్రత్యేక తెలంగాణ కోసం పెట్టిన మిలియన్ మార్చ్‌ను ఆపాలని బస్సులు, రైళ్లు నిలిపేసి తెలంగాణ అంతటా జనాన్ని ముందే పట్టుకున్నారు. అయినా ట్యాంక్‌బండ్ నిండింది. ఆ మార్చ్‌కు పిలుపిచ్చిన తెలంగాణ జేఏసీని నడిపిన కోదండరాంను, తెలంగాణ వచ్చాక, 2017 ఫిబ్రవరి 22న నిరుద్యోగుల ర్యాలీ పెట్టుకున్న పాపానికి తెల్లవారకముందే ఇంట్లో అరెస్టు చేశారు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో, కిర్లంపూడిలో కాపు ఉద్యమ నాయకుడు ముద్రగడను ఇంటి నుంచి అడుగు బయట పెట్టనివ్వలేదు. అప్పుడు అక్కడ ముఖ్యమంత్రిగా ఉన్న చంద్రబాబే 2019 సెప్టెంబర్‌లో, ప్రతిపక్షంలోకి వచ్చాక, చలో ఆత్మకూరు అనగానే ఉండవల్లిలో ఆయన గేటుకే తాళ్లు కట్టారు. 2024 అక్టోబర్‌లో అశోక్‌నగర్‌లో గ్రూప్-1 పిల్లల్ని వ్యాన్లలోకి ఎక్కించినప్పుడు తెలంగాణలో ఉన్నది మళ్లీ వేరే ప్రభుత్వం. కుర్చీ దిగినవాళ్లందరికీ ఇది అప్రజాస్వామికం, ఎక్కినవాళ్లందరికీ శాంతిభద్రతలు.

మనుషులనే కాదు, ధర్నా చేసే చోటునూ వదల్లేదు. హైదరాబాద్‌లో ఇందిరాపార్కు దగ్గర ధర్నాచౌక్‌ను 2017లో ఊరవతలికి నెట్టేశారు. ధర్నా ఎందుకు చేస్తారు? పాలించేవాడి చెవిన పడాలని. సచివాలయానికి దూరంగా ఎక్కడో పొలాల మధ్య ఎవరు వింటారు? 2018లో హైకోర్టు జోక్యం చేసుకుంటే తప్ప మళ్లీ ఇందిరాపార్కు దగ్గర కూర్చోలేకపోయారు. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో ఉంది. దానికి పరిమితులూ ఉన్నాయి, నేను కాదనను. అంబులెన్సుకు దారివ్వాలి, బస్సు తగలబెట్టకూడదు. ఆ పరిమితి రోడ్డు మీద పెట్టాలి, మా ఇంటి గడప మీద కాదు.

పిల్లలూ, రేపు మీ గేటు ముందు పోలీసు నిలబడితే కేకలు వేయకండి, తోసుకోకండి. ఏ సెక్షన్ కింద ఆపుతున్నారో అడగండి, రాతలో ఇమ్మనండి. స్టేషన్‌కు తీసుకుపోతే అరెస్టు మెమో అడగండి, దాని మీద ఇంట్లోవాళ్లో, ఆ వాడకట్టు పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి. ఇవ్వకపోతే ఎవరు ఆపారో, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా కూర్చోబెట్టారో రాసి పెట్టుకుని వకీలు దగ్గరకు పొండి. మీకు నచ్చని పార్టీవాణ్ణి ఆపినా సరే, వాడి పక్షాన ఇదే అడగండి.