నాలుగు నిమిషాల నిశ్శబ్దం కావలెను

పౌరుడికి మాట్లాడే స్వేచ్ఛ ఉందని రాజ్యాంగంలోని 19వ అధికరణం ఘోషిస్తోంది. ఆ స్వేచ్ఛ హన్మకొండలోని మా ఇంటి గడప దాకా వచ్చి, లోపలికి రాకుండా ఆగిపోయిందని బరువెక్కిన హృదయంతో మనవి చేసుకుంటున్నాను. మా ఇంట్లో దగ్గకూడదు. తుమ్మకూడదు. ఫ్యాన్ వేయకూడదు, మిక్సీ తిప్పకూడదు, కుక్కర్ కూయకూడదు, చెప్పులు ఈడ్చకూడదు, ఫోన్ మోగకూడదు, మోగినా ఎత్తకూడదు. కర్ఫ్యూ విధించే అధికారం కలెక్టర్లకూ పోలీసులకూ మాత్రమే ఉంటుందని ఇన్నాళ్లూ నమ్మాను. ఎనిమిదో తరగతి పిల్లకు కూడా ఉందట.

ఈ అత్యయిక స్థితికి కారణం పాడ్‌కాస్ట్. బడి నుంచి ఆ వాట్సాప్ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. 'ప్రియమైన తల్లిదండ్రులారా' అని మొదలై, రెండు చేతులు జోడించిన బొమ్మతో ముగిసే మెసేజ్ ఏదైనా సరే, మన జేబుకో మన నిద్రకో ఎసరు పెట్టేదే. ఇకపై కొన్ని పాఠాలు ఆడియోగా వస్తాయి, పిల్లలు ఇంట్లో వినాలి. కొన్నింటిని పిల్లలే నాలుగు నిమిషాల ఆడియోగా తయారుచేసి పంపాలి. శ్రవణ నైపుణ్యం, వాగ్ధాటి, ఆత్మవిశ్వాసం, సృజనాత్మకత అన్నీ పెంపొందుతాయి. చివర్లో చిన్నక్షరాలతో ఇంకో మాట: చప్పుడు లేకుండా తల్లిదండ్రులు సహకరించగలరు.

మా అమ్మాయి వాటాకు రామప్ప గుడి వచ్చింది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, నీళ్లలో తేలే ఇటుకలు, ఇసుక నింపిన పునాది, 2021 జులైలో యునెస్కో వారసత్వ హోదా... విషయానికి కొదవ లేదు. కొదవల్లా గదికి. గోడలకు తగిలి గొంతు మోగుతుందని ఎవరో చెప్పారట, బట్టల మధ్య రికార్డు చేస్తే బాగా వస్తుందట. అంతే, బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచి, వాళ్లమ్మ చీరల వరుసలోకి తల దూర్చి, ఫోన్‌ను గద్వాల చీర మడతమీద నిలబెట్టి కాకతీయుల వైభవం మొదలుపెట్టింది. 'మిత్రులారా, నమస్కారం' అనే వాక్యం ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మా బీరువాలోని పట్టుచీరలకు ఇప్పుడు గణపతిదేవుడి పాలనాకాలం కంఠతా వచ్చు. ఒంటికెక్కే యోగం మాత్రం వాటికి లేదు.

ఊరు సహకరిస్తే కదా! గణపతిదేవుడు సింహాసనం ఎక్కగానే కాజీపేట వైపు నుంచి రైలు కూసింది. రుద్రుడు పునాది తవ్వించగానే పక్కింటి బోరు మోటారు అందుకుంది. ఇటుక నీళ్లలో తేలబోతుండగా పాత ఇనుప సామాన్లు, పాడైన ఫ్రిజ్‌లు కొంటామంటూ మైకు బండి వచ్చింది. అది మలుపు తిరిగిందో లేదో చెత్త బండి పాట. ఆ వెనకే ఉల్లిగడ్డలు. ఆ వెనకే ఉల్లిగడ్డల బండిని చూసి కుక్కలు. వేసంగి ఎండల్లో ఫ్యాన్ కట్టేసుకుని, చెమటలు కక్కుతూ, ఊపిరి బిగబట్టి మేం చేసిన త్యాగమంతా అందులో కొట్టుకుపోయింది. తీరా వింటే ఆ ఫోన్‌లో ఉల్లిగడ్డ కిలో ధరతో సహా అన్నీ స్పష్టంగా రికార్డయ్యాయి. రామప్ప తప్ప.

పెద్దవాళ్ల మాటలు కూడా చేర్చితే అదనపు మార్కులన్నారు. మా అమ్మను కూర్చోబెట్టారు.

'బాపమ్మా, రామప్ప చెరువు గురించి చెప్పు.'

'చెరువా? ఆ చెరువు కాడికి మీ తాత నన్ను ఎడ్లబండి మీద తోల్కపోయిండు బిడ్డా. గప్పుడు మీ పెద్ద మేనత్త ఏం జేసిందో ఎర్కేనా...'

మేనత్త చేసిన పని, దానికి ఆడబిడ్డలు అన్న మాట, ఆ మాటకు నలభయ్యేళ్లుగా తెగని పంచాయితీ, మధ్యలో ఎవరి పెళ్లిలోనో మాంసం చాలకపోవడం అన్నీ ధారాళంగా వచ్చాయి. చెరువు మళ్లీ రాలేదు. నాలుగు నిమిషాల్లో ఇమడాలని మనవరాలు కోసింది, ఇంకా కోసింది. చివరికి మిగిలింది 'అవును బిడ్డా' అన్న ముక్క ఒక్కటే. పైగా భాష ప్రామాణికంగా ఉండాలని గ్రూపులో సూచన. కాళోజీ నడయాడిన ఊరు, ఆయన పుట్టిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకునే రాష్ట్రం. అక్కడ మా అమ్మ నోటికి దిద్దుబాటు! 'నా మాటకేమైందిరా?' అని ఆమె నన్ను నిలదీసింది. నేను సహకరిస్తున్నాను కాబట్టి నోరు విప్పలేదు.

ఇదంతా తయారీ విభాగం. వినే విభాగం వేరే ఉంది. అన్నానికి రమ్మని పిలిస్తే వినబడదు, నీళ్లు పట్టమంటే వినబడదు, చెవుల్లో భౌతికశాస్త్రం. వాళ్ల సారు నెమ్మదస్తుడు, మాటకూ మాటకూ మధ్య మనం చాయ్ తాగి రావచ్చు. పిల్లలు ఆయన్ను ఒకటిన్నర రెట్ల వేగంలో పెట్టి వింటారు. అప్పుడాయన ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి వేలం పాడుతున్నట్టుంటారు. ఆ వేగంలోనే హఠాత్తుగా 'ఇక్కడ ఆపి, ఘర్షణ లేకపోతే ఏమవుతుందో పక్కవారితో చర్చించండి' అంటారు. పక్కవారంటే ఎవరు? నేనే. ఘర్షణ లేకపోతే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందన్నాను. అది జవాబు కాదట.

పాఠకమహాశయా, నవ్వకండి, అసలు సంక్షోభం ఇక్కడే ఉంది. చెవితో పాఠం చెప్పడం కొత్తేమీ కాదు. బీబీసీ 1924లోనే బడిపిల్లలకు రేడియో పాఠాలు మొదలుపెట్టింది. మన ఉమ్మడి రాష్ట్రంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు ఆకాశవాణిలో 'విందాం నేర్చుకుందాం' వచ్చేది. అందులోనూ రేడియో ప్రశ్న అడిగి కాసేపు ఆగేది. ఆగినప్పుడు పిల్లలు ఒక్క గొంతుతో జవాబిచ్చేవాళ్లు, పాడమంటే పాడేవాళ్లు, లేచి గెంతమంటే గెంతేవాళ్లు. ఎందుకంటే ఆ విరామంలో తరగతి గదిలో ఒక టీచర్ నిలబడి ఉండేవారు. సగం పాఠం రేడియోది, సగం ఆవిడది. ఒగ్గుకథ చెప్పేవాళ్లకూ బుర్రకథ చెప్పేవాళ్లకూ ఈ సంగతి ఎప్పుడో తెలుసు: కథకుడు ఆగినచోట వంత అందుకునేవాడు లేకపోతే కథ నడవదు.

కరోనా కాలంలో, 2020 సెప్టెంబర్ 1 నుంచి, పాఠాలు దూరదర్శన్ యాదగిరిలోనూ టీశాట్‌లోనూ ఇంటికొచ్చాయి. బడులు మూసి ఉన్నాయి, వేరే దారి లేదు. ఆ ఏడాదే కేంద్రం పీఎం ఈ-విద్య అంది, అందులో సీబీఎస్ఈ వారి పాడ్‌కాస్ట్ 'శిక్షావాణి'ని కూడా చేర్చింది. సరే. మహమ్మారి పోయింది, బడులు తెరిచారు, గంట కొడుతున్నారు, ఫీజులూ కడుతున్నాం. కానీ ఆ విరామంలో నిలబడే ఉద్యోగం మాత్రం మళ్లీ బడికి వెళ్లలేదు, మా వసారాలోనే ఉండిపోయింది. బదిలీ ఉత్తర్వు లేదు, శిక్షణ లేదు, టీఏ లేదు, డీఏ లేదు. కనీసం టీచర్స్ డే నాడు ఒక పెన్నయినా లేదు.

అన్యాయంగా మాట్లాడను. తన గొంతు తాను విన్న పిల్ల, వాక్యం తడబడినచోట తనే ఆగి, తిరగరాసుకుని, మళ్లీ చదివింది. మాటకు ముందొక 'అంటే', వెనకొక 'అంటే' పెట్టే అలవాటు ఆమెకే విసుగు పుట్టించింది. తరగతిలో నోరెత్తని పిల్లలు కూడా బీరువాలోకి తల దూర్చి అనర్గళంగా మాట్లాడతారని విన్నాను. పరికరం మంచిదే. అద్దెకు తీసుకున్న స్థలమే నాది, అదీ అద్దె ఇవ్వకుండా.

అందుచేత విద్యాధికారులకూ ప్రధానోపాధ్యాయులకూ వినతి. మన వరంగల్ 2022లో యునెస్కో వారి అభ్యసన నగరాల జాబితాకెక్కింది. నగరమంతా అభ్యసించాలంటే మాకు అభ్యంతరం లేదు, కాకపోతే బడి కూడా ఆ నగరంలోనే ఉందని గుర్తించండి. బడిలో ఒక గది చూసి, కిటికీలకు పాత దుప్పట్లు కట్టి, వారానికో పీరియడ్ రికార్డింగ్‌కు ఇవ్వండి. ఇంట్లో ఫోన్ ఒక్కటే ఉండి, అదీ నాన్నతోపాటు పనికి వెళ్లిపోయే పిల్లలకు ఇంతకుమించిన మార్గం లేదు. పాఠం ఆడియోగా పెడితే తరగతిలోనే వినిపించండి, అది ఆగినచోట మీరు అందుకోండి. మా అమ్మ మాట పూర్తిగా వినే ఓపికుంటే ఆమెను బడికే పిలవండి, సంతోషంగా వస్తుంది, సాయంత్రం దాకా ఉంటుంది. వంత పాడటానికి మాత్రం మమ్మల్ని పిలవకండి. మాకు రాగమూ రాదు, ఘర్షణ పాఠమూ రాదు.