రూడీని కొండెక్కించిన ఘనుణ్ణి నేనే

ముప్ఫయ్యేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి బతికినవాణ్ణి. యతి తప్పితే మొట్టికాయ, గణం తప్పితే గోడకుర్చీ. అలాంటి నేను ఒకాయన రాసిన మంచి నవలని చేజేతులా పాడుచేసి, దానికి ‘వ్యక్తిత్వ వికాసం’ అని పేరుపెట్టి, నాలుగు నెలలపాటు ఏడో తరగతి పిల్లలకి వడ్డించేను. నన్నెవరూ గోడకుర్చీ వెయ్యమనలేదు. రిటైరయి ఎస్.కోటలో అరుగు మీద కూర్చున్నాను కాబట్టి ఇప్పుడు నాకు నేనే వేసుకుంటున్నాను.

అది 2014. మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కేరు. రాష్ట్రం రెండు ముక్కలవడానికి ఇంకా ఎనిమిది రోజులుంది. పూర్ణకి పద్నాలుగేళ్ళు నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. భువనగిరి గుట్ట మీద పాకడం నేర్చుకుని, డార్జిలింగ్‌లో శిక్షణ పొందేరు. పదహారేళ్ళ లోపు వాళ్ళని నేపాల్ వైపు నుంచి ఎక్కనివ్వరు కాబట్టి టిబెట్ వైపు నుంచి వెళ్ళేరు. బడి తెరవగానే పేపర్లో బొమ్మ కత్తిరించి మా తరగతి గోడకి అంటించేను. దాని పక్కన మల్లి మస్తాన్ బాబు బొమ్మ. ఏడు ఖండాల్లో ఏడు శిఖరాలు 2006లో 172 రోజుల్లో ఎక్కేసిన మన నెల్లూరు జిల్లా మనిషి. అప్పటికాయన బతికే ఉన్నాడు.

బొమ్మలు అంటించి వెనక్కి తిరిగేసరికి నాకు పూనకం వచ్చేసింది. మన పిల్లలకేం తక్కువ? వీళ్ళలోనూ ఆ పట్టుదల నూరిపొయ్యాలి!

ఎవరికి నూరిపొయ్యడం? అరకులోయలో ఆశ్రమ పాఠశాల మాది. పిల్లల్లో కొండదొరలు, కొటియాలు, భగతలు, పోర్జాలు. చాలామందికి ఇంట్లో ఆదివాసీ ఒడియా, బడిలో నా తెలుగు. సెలవిస్తే రెండు కొండలెక్కి దిగి ఇంటికెళ్ళి, మర్నాడు సాయంత్రానికి అదే దారిని వచ్చి నా ముందు చేతులు కట్టుకు నిలబడేవాళ్ళు. తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం, సుమారు 1,680 మీటర్లది, ఉన్నది ఈ పిల్లల పెరట్లోలాంటి పాడేరు వైపు. చేపపిల్లకి ఈత నేర్పడమంటే ఇదే గావాలి. కానీ నాకా స్పృహ లేదు. కిందనుంచి వచ్చిన మాస్టార్లకి సాధారణంగా ఉండదు.

విశాఖలో పాత పుస్తకాల కొట్లో ముప్ఫై రూపాయలకి దొరికింది నా ఆయుధం. జేమ్స్ రామ్సే ఉల్మన్ అనే అమెరికన్ 1954లో పిల్లల కోసం రాసిన నవల, ‘బేనర్ ఇన్ ద స్కై’. స్విట్జర్లాండ్‌లో కుర్టాల్ అని ఒక కల్పిత గ్రామం. పదహారేళ్ళ రూడీ అక్కడ హోటల్లో గిన్నెలు కడుగుతుంటాడు. ఎదురుగా ఎవరూ ఎక్కని సిటడెల్ అనే కొండ. రూడీ తండ్రి పేరున్న గైడు. దొరల్ని కొండలెక్కించడం ఆయన వృత్తి. కాలు విరిగిన దొరని వదిలి రాలేక, తన ఎర్ర చొక్కా విప్పి అతనికిచ్చి, ఆ సిటడెల్ మీదే చలికి పోయేడు. కొడుక్కి ఆ కొండ ఎక్కాలని పట్టుదల, తల్లికి వద్దని భయం.

శనివారం సాయంత్రం కిరండూల్ పాసింజరులో ఇంటికెళ్తూ తెనిగించేవాణ్ణి. శిమిలిగూడ నుంచి బొడ్డవర దాకా సొరంగాలే కదా, చీకటి పడ్డప్పుడల్లా కలం ఆపడం, వెలుతురు రాగానే రెండు వాక్యాలు రాయడం. ఇప్పటికీ ఆ నోటుబుక్కు చూస్తే ఎక్కడ సొరంగం వచ్చిందో అక్షరాలు చెబుతాయి. వారానికి రాసినంత బుధవారం సాయంత్రం పిల్లలకి చదివి వినిపించేవాణ్ణి.

మొదటి వారమే మొదటి దెబ్బ. కథ మొదట్లోనే కెప్టెన్ వింటర్ అనే ఇంగ్లీషు దొర మంచుపగులులో పడిపోతాడు. రూడీ చేతికర్రకి తన బట్టలు ముడేసి పైకి లాగుతాడు. నేను ఆవేశంగా “దొర మంచులో కూరుకుపోయేడు” అని చదివేను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకి మంచు అంటే తెల్లారి కిటికీలోంచి లోపలికొచ్చేది. బడిగంట వినిపిస్తుంది కానీ గంట కనిపించనివ్వనిది. అందులో మనిషి దారి తప్పుతాడు గాని కూరుకుపోవడమేమిటి? మన భాషలో పొగమంచుకీ, గడ్డమంచుకీ, గడ్డిమీది చుక్కకీ ఒకటే మాట అని నాకు అంతకుముందు తట్టనే లేదు. వంటింట్లోంచి ఉప్పు తెప్పించి, బల్లమీద కుప్పపోసి, వేలితో పగులు గీసి చూపించేను. అప్పుడు అర్థమైంది. “చొక్కా ముడి విడిపోదా మాస్టారూ?” అని అడిగేరు. మంచి ప్రశ్న. నాకు జవాబు తెలీలేదు.

రెండో ప్రశ్న ఇంకా కష్టం. “పైన ఏటుంది మాస్టారూ?”

“ఏమీ లేదు. శిఖరం.”

“మరేల ఎక్కడం?”

దీనికి నా దగ్గర జవాబు సిద్ధం. లక్ష్యం, సంకల్పం, ఆత్మవిశ్వాసం. ఆ రోజుల్లో ఊరూరా వ్యక్తిత్వ వికాస ప్రసంగాలు. నేనూ రెండు శిక్షణా తరగతులకి హాజరై మైకు పట్టుకున్న ప్రతివాడి మాటా రాసుకొచ్చేను. అదంతా పిల్లల మీద కుమ్మరించేను. వాళ్ళు మర్యాదస్తులు, తలలూపేరు.

ఇక నా నేరానికి వస్తాను. నవంబరులో ఒక శనివారం, రైలు చిమిడిపల్లి దాటేక, చివరి అధ్యాయాలకి చేరేను. రూడీ శిఖరానికి ఎంతో దూరంలో లేడు. పోటీ ఊరి గైడు సాక్సో, గిట్టనివాడు, పైకి పోతూ పడి, చెయ్యి విరగ్గొట్టుకుని ఒక రాతి అంచు మీద ఇరుక్కున్నాడు. రూడీ ఏం చెయ్యాలి? నా లెక్క ప్రకారం ఎక్కాలి. ఉల్మన్ లెక్క వేరు. రూడీ శిఖరం వదిలేసి సాక్సోని దింపుకుంటూ కిందకి వచ్చేస్తాడు. శిఖరం ఎక్కేది కెప్టెన్ వింటర్, రూడీ మేనమామ ఫ్రాంజ్ వగైరాలు. ఎర్ర చొక్కా అక్కడ పాతేదీ వాళ్ళే. మన రూడీ ఊళ్ళో నిలబడి దుర్భిణిలో చూస్తాడు.

నాకు నీరసం వచ్చింది. నాలుగు నెలలు ఊరించి చివరికి దుర్భిణిలో చూడ్డమా? ఇది చెబితే పిల్లల సంకల్పం ఏమైపోవాలి? త్యాడలో బండి ఆగింది. అమెరికావాడికి తెలీదు, నాకు తెలుసనుకున్నాను. కలం తీసి “సాక్సో కాలుజారి వెనకబడిపోయాడు. రూడీ వెనుదిరిగి చూడలేదు” అని రాసి, తర్వాత నాలుగు పేజీలు సొంత కవిత్వంతో రూడీని శిఖరం మీద నిలబెట్టి, ఎర్ర చొక్కా రెపరెపలాడించేను. శివలింగపురం వచ్చేసరికి కళ్ళు చెమర్చేయి కూడాను. సొంత రచనకి.

బుధవారం ఆ ముగింపు చదివేను. చప్పట్లు కొడతారని పుస్తకం మూసి నిలబడ్డాను. ఎవరూ కదల్లేదు. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, “మాస్టారూ, సాక్సోని ఎవరు దించేరు?” అన్నాడు.

“ఎవరో దించుంటార్రా. వాళ్ళ ఊరివాళ్ళు.”

“ఎంతమందొచ్చేరు?”

“అది మన కథలో లేదు.”

“చెయ్యా మాస్టారూ, కాలా?” అని ఇంకొకడు. “కాలైతే డోలీ కట్టాలి. డోలీకి ఇద్దరు, బుజం మార్చుకోడానికి ఇంకో నలుగురు.” “మంచులో ఆరుగురు చాలరు” అని మరొకడు. తరగతంతా గొడవ. నా రూడీ శిఖరం మీద చొక్కా ఊపుతూనే ఉన్నాడు, వాడిని చూసేవాడు లేడు. “లక్ష్యం గురించి చెబుతుంటే డోలీ ఏమిట్రా?” అని కేకలేసి కూర్చోబెట్టేను. మొదటి ప్రశ్న అడిగినవాడి తల్లిని అంతకు రెండేళ్ళ ముందు వానల్లో దుప్పటీ కర్రకి కట్టి, గెడ్డ దాటించి, తారురోడ్డు దాకా మోసుకొచ్చేరట. అది నాకు చాలా తర్వాత తెలిసింది. ముందే తెలిసినా ఆరోజు కేకలేసేవాణ్ణేమో. అంత గట్టి నమ్మకం మీద ఉన్నాను.

దీపం కొండెక్కింది అంటాం కదా, నా కథ అచ్చంగా అలా కొండెక్కింది. అయినా బుద్ధి రాలేదు. చదివి చెబితే ఎక్కలేదు, ఎక్కించి చెబుదాం అనుకున్నాను. డిసెంబరులో ఒక ఆదివారం పన్నెండుమందిని వెంటేసుకుని బడి వెనక కొండకి బయల్దేరేను. నాకు కొత్త బూట్లు, ఈల, నైలాన్ తాడు. జేబులో జెండా పాతడానికని సంతలో కొన్న అరగజం ఎర్రగుడ్డ. లోయంతా వలిసెపూల పసుపు. అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానుకి కాఫీ తోటల్లో నీడనిచ్చే సిల్వరోకులు ఇంకా అడ్డంగా పడి ఉన్నాయి. పిల్లలు వాటి కిందనుంచీ మీదనుంచీ ఉడతల్లా పోతున్నారు. మధ్యలో ఆగి ఒకడు అడ్డాకులు కోస్తాడు, ఒకడు ఏదో దుంప తవ్వుతాడు. నేను ఈల ఊదుతాను. “పైకి! పైకి!”

పైకి ఇంకో వందడుగులుందనగా అందరూ ఆగిపోయేరు. ముందు మూడు రాళ్ళు, వాటికి పసుపు, ఎండిన పూలు. “మాస్టారూ, జోళ్ళు” అన్నారు మెల్లిగా. కొండదేవత. అక్కణ్ణించి పైకి పూజారే వెళ్తాడట, అదీ పండక్కి. నేను జేబులో గుడ్డని పిడికిట్లో పట్టుకుని కాసేపు నిలబడ్డాను. మొండికేస్తే ఎక్కనిచ్చేవాళ్ళేమో, మాస్టార్ని కదా. ఎందుకో నోరు రాలేదు.

దిగడం మొదలైంది. అసలు సంగతి అప్పుడు తెలిసింది. కొత్త బూట్లు గరుసు మట్టి మీద జర్రున జారతాయి. మోకాళ్ళు వణుకుతున్నాయి. పాతికడుగులు నడిచి, మిగతాది కూర్చునే దిగడం మొదలుపెట్టేను. పిల్లలు చుట్టూ చేరి నేర్పుతున్నారు. బూట్లు విప్పండి. పాదం అడ్డంగా వెయ్యండి. కొమ్మ పట్టుకోకండి, విరుగుతుంది, మొదలు పట్టుకోండి. సరిగ్గా నేను పీఠం మీద జారుతున్న సమయానికి వెనకనుంచి ఇద్దరు ఆడవాళ్ళు, తుపాను విరగ్గొట్టిన కొమ్మలు మోపులు కట్టి నెత్తిన పెట్టుకుని, వట్టికాళ్ళతో, మాట్లాడుకుంటూ దిగొస్తున్నారు. ఒకామె మా కుర్రాడికి పిన్ని. మోపు బండమీదకి దింపి, నన్ను చూసి వాళ్ళ భాషలో ఏదో అంది. పిల్లలు పగలబడి నవ్వేరు.

“ఏమందిరా?”

ఎంతకీ చెప్పరు. బతిమాలితే చివరికి ఒకడు, “మాస్టారికి ఎక్కడమే నేర్పేరా అంటంది” అన్నాడు. వాడే, నన్ను ఓదార్చడానికి కాబోలు, “ఎక్కినప్పుడు ఖాళీయే కదా మాస్టారూ. దిగినప్పుడే కదా బరువు” అని కూడా అన్నాడు.

ఆమె నెత్తిన పెట్టుకునే గుడ్డ చిరిగి పీలికలైంది. పిల్లాడు చూసేడు. “మాస్టారూ, మీ జేబులో గుడ్డుంది కదా.” ఇచ్చేను. ఆమె దాన్ని చేత్తో రెండు మెలికలు తిప్పి, కుదురు చుట్టి, నెత్తిన పెట్టుకుని, మోపు ఎత్తుకుని వెళ్ళిపోయింది. మలుపు తిరిగేదాకా ఆ ఎరుపు కనిపిస్తూనే ఉంది. మేము కిందకి చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది.

ఆ రాత్రి ఒళ్ళంతా పులిసిపోయి నిద్ర పట్టక, ఉల్మన్ పుస్తకం తీసి, నేను కొట్టేసిన అధ్యాయాలు మళ్ళీ చదివేను. ఆ రాత్రి గదిలో సొరంగాలు లేవు కాబట్టి తిన్నగా అర్థమైంది. తండ్రి చేసిన పనే కొడుకు చేసేడు. తండ్రి చావుతో చేసింది కొడుకు దిగుతూ చేసేడు. పుస్తకమంతా ఆ దిగుడు కోసమే కట్టి ఉంది. నేను వంతెన కట్టిన మేస్త్రీకి తెలీకుండా మధ్య స్తంభం పీకేసి పైన రంగులు వేసేనన్నమాట. ఆ తర్వాత తెలిసిన సంగతులు ఇంకా సిగ్గుపెట్టేయి. టెన్సింగ్ నార్కే జీవితకథని ఆయన చెబుతుండగా పుస్తకంగా రాసింది ఈ ఉల్మనే. బరువులు మోసేవాళ్ళ సంగతి తెలిసిన మనిషి. ఇక ఆ సిటడెల్‌కి మూలమైన మాటర్‌హార్న్‌ని మొదటిసారి 1865 జూలై 14న ఎడ్వర్డ్ వింపర్ బృందం ఎక్కింది. పైకి చేరినవాళ్ళు ఏడుగురు. దిగుతుంటే తాడు తెగింది. ప్రాణాలతో దిగినవాళ్ళు ముగ్గురు.

సోమవారం తరగతిలో నోటుబుక్కు పట్టుకుని, “మొన్న నేను చెప్పిన ముగింపు అసలుది కాదు” అన్నాను. కారణాలేవీ చెప్పలేదు. అసలు ముగింపు చదివేను. తెనిగించడానికి టైము లేదు, చూసుకుంటూ నోటికొచ్చినట్టు చెప్పుకుపోయేను. అలంకారాలేవీ తగలలేదు.

రూడీ సాక్సో దగ్గరికి దిగే చోటికి రాగానే పిల్లలు ఆపేరు. ఏ చెయ్యి విరిగింది? ఎవరు ముందు దిగేరు? ఇద్దర్ని లేపి బెంచీ ఎక్కించేరు. ఒకడి చెయ్యి తువ్వాలుతో మెడకి కట్టేరు. దెబ్బతిన్నవాడు కింద ఉండాలి, పట్టుకునేవాడు పైన ఉండాలి అని ఒక పక్షం. కాదు, కింద నిలబడి పాదం ఎక్కడ పెట్టాలో చూపించాలని ఇంకో పక్షం. డోలీ అయితే పొడుగువాడు కిందవైపు పట్టాలి, అప్పుడే కర్ర సమంగా ఉంటుందని మొదటి ప్రశ్న అడిగినవాడు. వాడి మాట అందరూ విన్నారు. నేను కిటికీ పక్కన నిలబడ్డాను. నన్నెవరూ ఏమీ అడగలేదు, చివర్లో ఒక్కసారి తప్ప. భోజనాల గంట కొట్టేరు, కంచాలకి పరిగెడుతున్నారు, వాడు గుమ్మం దగ్గర ఆగేడు.

“మరి మొన్నటి కథ ఎవరు రాసేరు మాస్టారూ?”

“నేనే.”

కొంచెంసేపు నన్నే చూసేడు. “పోన్లెండి మాస్టారూ, మీది కిందూరు కదా” అని, కంచం తీసుకుని వెళ్ళిపోయేడు.