అరమైలుకి కారెందుకురా అబ్బాయ్

మార్కాపురం ఎంత ఊరని? ఈ చివర కిళ్ళీ వేసుకుని బయల్దేరితే అది నోట్లో నలిగేలోగా ఆ చివర తేలొచ్చు. అలాంటి ఊళ్ళో పాల పాకెట్టుకి కారు, క్షవరానికి కారు, గుడికి కారు. మొన్న మా వీధి కుర్రాడొకడు సందు చివరి అంగడికి కారు తీశాడు. ఎదురింటాయన మోటార్‌సైకిల్ జరపాలి, పడుకున్న ఆవు లేవాలి, వెనక్కీ ముందుకీ మెలికలు తిప్పాలి. ఆ తతంగమంతా అరుగు మీద కూర్చుని చూశాను. గట్టిగా ముప్ఫయ్యేళ్ళు లేవు వాడికి. అప్పుడే షుగర్ మాత్రలు మింగుతున్నాడట.

మా రోజుల్లో అని నోరు తెరిస్తే చాలు, మనవరాలు "మొదలెట్టావా తాతా" అంటుంది. మొదలెట్టాను, విను. మా రోజుల్లో ఒంటికి మంచిదని ఎవరూ నడవలేదు. పనుంటే నడిచారు. నేను పంతులుద్యోగం చేసిన పల్లెకి బస్సు దిగాక చేలగట్ల మీద పోవాలి. వానొస్తే చెప్పులు చేతిలోకి వచ్చేవి. పలకల ఫ్యాక్టరీల్లో పనికి ఆడవాళ్ళు తెల్లారకముందే చుట్టుపక్కల పల్లెల నుంచి గుంపులుగా, సద్దిగిన్నెలతో, ఊళ్ళో వాళ్ళందరి గుట్లూ చెప్పుకుంటూ నడిచొచ్చేవాళ్ళు. దేశంలో ఎక్కడెక్కడి పిల్లలో అక్షరాలు దిద్దిన పలకలు ఆ చేతుల మీదుగా పోయినవే. తిరునాళ్ళకి మీటర్‌గేజి రైలు దిగిన జనం పిల్లల్ని భుజాలకెక్కించుకుని చెన్నకేశవస్వామి గుడిదాకా నడిచేవాళ్ళు. స్టేషన్ నుంచి గుడి దూరమని ఒక్కరన్నా సణిగితే ఒట్టు.

ఆ రోజులు బంగారమని మాత్రం అనను. పలకల గనుల్లో దుమ్ము పీల్చి దగ్గుతూ పోయినవాళ్ళు నాకు తెలుసు. కాన్పు కష్టమైన మనిషిని నులకమంచం మీద మోసుకొచ్చిన పల్లెలూ తెలుసు. ఇక నీళ్ళ సంగతి. నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు జబ్బు గురించి షార్ట్ అనే తెల్లడాక్టరూ ఆయనతోటి వాళ్ళూ 1937లోనే రాశారు. అప్పట్లో నెల్లూరు కిందున్న పొదిలి, కనిగిరి 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడ్డ కొత్త జిల్లాలోకొచ్చాయి, కర్నూలు నుంచి మేమూ వచ్చి చేరాం. జిల్లాలైతే మారాయిగానీ బోర్లలో నీళ్ళు మారలేదు. నడుం వంగి, మోకాళ్ళు బిగిసి, పది అడుగులకోసారి ఆగేవాళ్ళు ఈ పడమటి పల్లెల్లో ఎంతమందో. పాపం, వాళ్ళు నడవలేక కూర్చున్నారు. మన కుర్రాళ్ళకేం వచ్చింది, కాళ్ళు నిక్షేపంలా పెట్టుకుని?

కారు వద్దనడానికి నేనెవణ్ణి? గుండెనొప్పి వచ్చినవాణ్ణి రాత్రికి రాత్రి ఒంగోలు చేర్చాలంటే దాదాపు వంద కిలోమీటర్లు. గిద్దలూరు వాళ్ళకి ఇంకా దూరం. అలాంటప్పుడు కారుకి రెండు చేతులెత్తి దండం పెడతాను. ఈ అరమైలు కార్లే నా ప్రాణం తీస్తున్నాయి.

మావాడు చదువుకున్నవాడు, రుజువు చూపించమంటాడు. 1953లో లండన్‌లో మోరిస్ అనే డాక్టరు అక్కడి బస్సు సిబ్బంది లెక్కలు తీశాడు. ఒకే బస్సు, ఒకే ఊరు, ఇంచుమించు ఒకే తరహా బతుకు. డ్రైవరేమో పొద్దస్తమానం కూర్చునే ఉంటాడు. కండక్టరు ఆ రెండంతస్తుల బస్సులో టికెట్లు కొడుతూ రోజుకి 500 నుంచి 750 మెట్లు ఎక్కుతాడు. గుండెపోట్లు డ్రైవర్లకే ఎక్కువగా వచ్చాయి. మన పల్లెవెలుగు కండక్టరుకి మెట్లు లేకపోవచ్చు. గంపల మధ్య, మేకపిల్లల మధ్య ఒళ్ళు దూర్చుకుంటూ ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి తిరిగేవాడే. ఇప్పుడు కొన్ని బస్సుల్లో ఆ కండక్టర్నే తీసేసి డ్రైవరు చేతికే టికెట్ల మిషన్ ఇచ్చారు. ఇదో కొత్త తెలివి.

అమెరికాలో అట్లాంటా అనే ఊరుంది. అక్కడ 10,878 మందిని పరిశీలించి 2004లో ఒక లెక్క వేశారు. రోజూ కార్లో కూర్చునే సమయం గంట పెరిగితే ఊబకాయం వచ్చే అవకాశం 6 శాతం పెరుగుతోందట. రోజుకో కిలోమీటరు ఎక్కువ నడిస్తే దాదాపు 5 శాతం తగ్గుతోందట. "లావుగా ఉన్నవాళ్ళే నడవలేక కారెక్కుతున్నారేమో నాన్నా" అన్నాడు మావాడు. అనొచ్చు, అలాంటి లెక్క ఒక్కటే చూసి ఇది కారణమని తేల్చలేం. అయితే మన దేశంలో పెద్దవాళ్ళలో సగంమందికి చాలినంత కదలిక లేదని 2024లో లాన్సెట్ పత్రికలో వచ్చింది కదా. షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైనే అని అంతకుముందు ఏడు ఐసీఎంఆర్ వాళ్ళు చెప్పారు. తిండీ మారింది, పనీ మారింది, అంతా కార్ల పాపమే అననుగానీ, కారుకి ఇందులో వాటా లేదంటే ఒప్పుకోను.

వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కదిలించమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. రోజుకి ఇరవై నిమిషాల చిల్లర. బజారుకి పోయి కూరగాయలు తెచ్చుకుంటే వసూలైపోయే బాకీ అది. మనవాళ్ళు బజారుకి కార్లో పోతారు. సాయంత్రం అదే కార్లో కాలేజీ గ్రౌండుకి పోయి, దాన్ని గేటుకి అడ్డంగా నిలిపి, చెవుల్లో ఏవో పెట్టుకుని గుండ్రంగా తిరుగుతారు. చేతికున్న గడియారం అడుగులు లెక్కపెడుతుంది. లెక్క పూర్తి కాకపోతే రాత్రి హాల్లో సోఫా చుట్టూ తిరిగేవాళ్ళు కూడా ఉన్నారు, మా ఇంట్లోనే.

కారెక్కేవాడి ఒళ్ళు వాడి సొంత వ్యవహారమని ఊరుకుందామన్నా కుదరదు. వాడి కారు నా దారిలో ఉంటుంది. మాడవీధులు తేరు తిరగడానికి వేసినవి. అంత తేరు లాగిన చోట ఈవేళ ఎదురెదురుగా రెండు కార్లొస్తే హారన్ల జాతర. కాలవ మీద బండలు పరిస్తే నడిచేవాళ్ళకి బాట అయిందని సంబరపడ్డాను. నెల తిరక్కుండా దానిమీద కార్లెక్కి కూర్చున్నాయి. ముసలాళ్ళం రోడ్డు మధ్యకి దిగాం. దేశంలో 2022 ఒక్క ఏడాదే రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. ఆ భయంతోనే మా కోడలు పిల్లని బడికి కార్లో దింపుతుంది. వీధి వీధినా తల్లులందరిదీ అదే భయం. బడి గేటు ముందు భయపడ్డ వాళ్ళ కార్లన్నీ చేరి, నడిచొచ్చే నలుగురు పిల్లలకీ అడుగు పెట్టే సందివ్వవు.

ఎండలు మండిపోతున్నాయి నడవలేమంటారు. నిజమే, మా ఎండలు మామూలువి కావు. మాకు దారి పొడుగునా వేపచెట్లూ చింతచెట్లూ ఉండేవి. రోడ్లు వెడల్పు చేసినప్పుడల్లా వాటిని కొట్టుకుంటూ పోయి, ఇప్పుడు నీడ కోసం ఏసీ కారు కొనుక్కుంటున్నాం.

మార్కాపురం జిల్లా కేంద్రమని సంబరాలు చేసుకున్నారు, నేనూ మిఠాయి తిన్నాను. ఒంగోలు తిరగలేక చచ్చిన ప్రాణాలు మావి. జిల్లా అంటే ఆఫీసులు, ఆఫీసులంటే కార్లు. కొత్త రోడ్లు వేసేవాళ్ళు కారుకెంత, నడిచేవాడికెంత అన్నది ముందే గీతగీసి కట్టాలని మావాడితో అర్జీ రాయించబోయాను. ఇంకో మాట కూడా రాయమన్నాను. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే ఘాట్‌లో పులుల కోసం రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు ఆపేస్తారు. పులికి తొమ్మిది గంటలిచ్చినవాళ్ళు, మాడవీధిలో ముసలాళ్ళకి పొద్దునపూట ఓ రెండు గంటలు ఇవ్వలేరా అని.

"పులులు కొద్దిగానే ఉన్నాయని ఇచ్చారు నాన్నా" అన్నాడు మావాడు, కారు తాళాలు వెతుక్కుంటూ. "నడిచేవాళ్ళు మాత్రం ఎక్కువమంది ఉన్నారట్రా?" అన్నాను.