నెల్లూరుపేటలో 190 గుర్రాలు

తమిళనాడులోని గుడియాత్తం నెల్లూరుపేట కుర్రాళ్లను ఏ బండి కొనాలని అడిగితే చాలు, స్పోర్ట్ టూరింగ్ అంటారు. అంటే వేగానికి వేగం, దూరానికి దూరం. కలలో వచ్చేది సుజుకి హయబూసా: 1340 సీసీ, 190 గుర్రాల శక్తి, 266 కిలోల బరువు. గంటకు 299 దగ్గర కంపెనీయే కళ్లెం వేసింది. ఇంకొక్క కిలోమీటరు ఇస్తే పిల్లలు పాడైపోతారని కాబోలు!

పల్లికొండ దగ్గర చెన్నై రహదారి ఎక్కాక సంగతి చూడండి. నాలుగు, ఆపై వరసల దారిలో మోటార్‌సైకిల్‌కు 80 చాలని కేంద్రం 2018లో చెప్పింది. (ఆ ఉత్తర్వులో బండ్లకిచ్చిన వేగాలే ఎక్కువని మద్రాసు హైకోర్టు 2021లో దాన్ని కొట్టేసింది.) మిగిలిన 219 దేనికి? సెల్ఫీకి.

అంత సొమ్ము లేనివాడికి బజాజ్ డొమినార్ ఉంది. 373 సీసీ, 40 గుర్రాలు. 2016 చివర్లో వచ్చిన ఈ యాత్రికుడికి సామాన్ల క్యారియరు, ఎత్తు గాలి అద్దం, ఫోన్ చార్జింగు ఫ్యాక్టరీలోనే బిగించి పంపాలని 2021 అక్టోబరులో గాని తోచలేదు. కాశీకి బయల్దేరి ఐదేళ్ల తర్వాత సంచి గుర్తొచ్చినట్టు.

హయబూసా సౌకర్యాల పట్టీ మాత్రం పెళ్లి భోజనమే. క్లచ్ పట్టకుండా గేరు, చేయి తీసినా తగ్గని వేగం, రేసులో దూకినట్టు బయల్దేరే ఏర్పాటు. కొత్త హయబూసాలో ముందు చక్రం లేవకుండా ఆపే ఏర్పాటుకు పది మెట్లున్నాయి. వద్దనుకుంటే ఆపేయనూ వచ్చు. 2023 సెప్టెంబరు 17న ఇదే రహదారిలో, కాంచీపురం దగ్గరి దామల్‌లో, యూట్యూబర్ టీటీఎఫ్ వాసన్ హయబూసా ముందు చక్రం లేపబోయి పడ్డాడు. చెయ్యి విరిగింది, అరెస్టయ్యాడు, లైసెన్సు పదేళ్లు పోయింది. టూరింగ్ అంటే ఠాణా, ఆసుపత్రి, కోర్టు అన్నీ చుట్టి రావడమని అభిమానులకు అప్పుడు తెలిసుంటుంది.

ఇంతకీ గుడియాత్తంలో నిజంగా బరువు మోసేది టీవీఎస్ ఎక్సెల్. 99.7 సీసీ, నాలుగు గుర్రాల పైచిలుకు, నాలుగు లీటర్ల ట్యాంకు. ముందు లుంగీల మూట, వెనక మరో మూట, నడుమ మనిషి. దాన్ని టూరింగ్ బండి అని ఎవరూ అనరు, ఎవరూ ఫొటో తీయరు. అది సందులో అడ్డంగా ఆగిందా, వెనకున్న హయబూసా మే నెల ఎండలో ఇంజిన్ వేడిని తొడలకు కాచుకుంటూ నిలబడాల్సిందే. మూట దించేదాకా 190 గుర్రాలూ న్యూట్రల్లోనే.