జాతకం మీద సిల్వర్ పెయింట్

సిల్వర్ పెయింట్ కనిపెట్టినవాణ్ణి నేనేమీ అనను. దాన్ని పాత డ్రిల్లు మిషన్లకు పూసేవాణ్ణి మాత్రం వదిలేది లేదు. ఎర్రగడ్డ ఆదివారం సంతకెళ్లి చూడండి, పట్టా మీద పరిచినవన్నీ తళతళలాడుతుంటాయి. "ఇంగ్లండ్ పీసు సార్, ఒరిజినల్!" ఏదీ, ఎక్కడుందయ్యా ఇంగ్లండు? ఆ ముక్క రాసున్న నేమ్‌ప్లేటు మీద కూడా రెండు కోటింగులు వేశాడు మహానుభావుడు.

నేమ్‌ప్లేటంటే మిషను జాతకం. వోల్టులు, ఆర్‌పీఎమ్, పుట్టిన ఊరు, అన్నీ ఆ రేకు మీదే. 'హెర్ట్జ్' అని కాకుండా 'సైకిల్స్' అని ఉందా, నాకు పండగే. హెర్ట్జ్‌ను అంతర్జాతీయ ప్రమాణంగా ఒప్పుకున్నది 1960లో. (ఆ తర్వాతా పాత రేకులే కొట్టి ఉండొచ్చు, పందెం కాయకండి.) చదరంలో చదరం గుర్తుంటే పక్కన పెట్టేస్తాను. అది డబుల్ ఇన్సులేషన్ వచ్చాక పుట్టిన పిల్లకాయ. పాతవాటికి ఒళ్లంతా లోహమే, ఎర్తు వైరు తెగితే చిల్లు గోడకు కాదు, మనకే.

పిస్తోలు పిడికి, వేలితో నొక్కే స్విచ్చుకు బ్లాక్ అండ్ డెకర్ వాళ్లు పేటెంటు అడిగింది 1914లో, వచ్చింది 1917లో అని అమ్మేవాడికి ఉత్సాహంగా చెప్పాను. శ్రద్ధగా విని, రెండు వందలు పెంచాడు.

ఇక చక్ కీ, అంటే డ్రిల్లు మూతికి బిట్టు బిగించే తాళంచెవి. గంటసేపు చెప్పమన్నా చెబుతాను. డ్రిల్లు ఎవరి చేతిలో బతికిందో చెప్పేది అదే. సైకిల్ ట్యూబు ముక్కతో వైరుకు బిగించి ఉంటే జాగ్రత్తపరుడు. ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంటే ఎలక్ట్రీషియను. పురికొసతో కట్టి ఉంటే, ఎవరో పోగొట్టి తిట్లు తిన్నాక కట్టింది. అసలు కీయే లేకపోతే చక్ పళ్లు చూడండి, మేకు పెట్టి సుత్తితో కొట్టి బిగించిన ఆనవాళ్లు కనిపిస్తాయి. ఆ మనిషికి పిల్లనివ్వకూడదు. అన్నిటికన్నా తెలివైనవాడు కీని ప్లగ్గు పక్కనే కడతాడు. బిట్టు మార్చాలంటే కీ కావాలి, కీ అందాలంటే ప్లగ్గు పీకాలి. వేళ్లు పదీ మిగులుతాయి. ఇంత ఆలోచించి కట్టిన కీని మనవాడు విప్పేసి, డబ్బాలో పోసి, విడిగా ముప్పై రూపాయలకు అమ్ముతున్నాడు!

మొన్న ఒకదాన్ని ఇంటికి తెచ్చి థిన్నరు గుడ్డతో రుద్దాను. రంగు కింద, గేర్ల పెట్టె పక్కన, మేకుతో గీకిన రెండు ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి. కంపెనీ సొత్తయితే నంబరుండేది. ఇది ఎవరో జీతంలోంచి మిగిల్చి కొనుక్కున్నది. పదిమంది పనిచేసే చోట మారిపోకుండా పేరు గీసుకున్నాడు. అమ్మేవాడికి అది మచ్చ. ఆ మనిషి ఇంట్లోవాళ్లు కిలోల లెక్కన వేసి ఉంటారు, తప్పు పట్టను. ఎన్ని తలుపులకు గడియలు బిగించాడో, ఎన్ని కిటికీలు నిలబెట్టాడో దాంతో.

ఇప్పుడది నా షెల్ఫులో ఉంది, నూనె వేసి, మోటారు కార్బన్ బొగ్గులు మార్చి, సిద్ధంగా. మాది అద్దె ఇల్లు. గోడకు మేకు కొట్టకూడదని అగ్రిమెంటులోనే రాయించుకున్నాడు ఓనరు.