నా తప్పుకు ఒక లెక్క ఉంది

సెకనుకు 32,768 సార్లు వణకడం నా వృత్తి. ఎలక్ట్రానిక్స్ షాపులో వాచ్ క్రిస్టల్ అని అడిగితే నన్ను ఇస్తారు. రెండు మిల్లీమీటర్ల లావు, ఆరు మిల్లీమీటర్ల పొడవు ఉన్న లోహపు గొట్టం, దాని కింద రెండు సన్నని తీగలు. పైకి కనిపించేది ఇంతే. గొట్టంలో గాలి ఉండదు. ఆ శూన్యంలో రెండు కొమ్ముల శృతిదండం ఒకటి ఉంటుంది. అదీ నేను. ప్రస్తుతం పల్నాడులో ఒక హైస్కూలు వరండాలో, పీరియడ్ బెల్లు కొట్టే పెట్టెలో, డీఎస్1307 అనే గడియారపు చిప్పును ఆనుకుని బతుకుతున్నాను.

నాది పలుగురాయి జాతి, ఇంగ్లీషులో క్వార్ట్జ్. మీ చేల గట్ల మీద తెల్లగా మెరిసే రాళ్లు నాకు దూరపు చుట్టాలు. అయితే భూమిలో దొరికే రాయికి మచ్చలుంటాయి, లోపల బీటలుంటాయి. గడియారానికి అది పనికిరాదు. అందుకని నన్ను పెంచారు. మందపాటి ఉక్కు పాత్రలో అడుగున పలుగు ముక్కలు పోసి, పైన పలచటి విత్తనపు పలకలు వేలాడదీసి, క్షారం కలిపిన నీళ్లు నింపి బిగించేశారు. దాదాపు 350 డిగ్రీల వేడి, వాతావరణానికి వెయ్యి రెట్లు దాటిన ఒత్తిడి. అడుగున కరిగిన రాయి, పైన కొంచెం చల్లగా ఉన్నచోట విత్తనం మీద పేరుకుంటూ వచ్చింది. అలా వారాల తరబడి పెరిగాను. తర్వాత పలకలుగా కోశారు. చిప్పులు తయారుచేసే ఫొటోలిథోగ్రఫీతోనే కొమ్ములు చెక్కారు. కొమ్ముల చివర లోహం పూసి, లేజరుతో దాన్ని కొంచెం కొంచెంగా ఆవిరి చేశారు. బరువు తగ్గినకొద్దీ నా శృతి పెరుగుతుంది. 32,768 దగ్గరికి రాగానే ఆపేసి, గొట్టంలో పెట్టి మూసేశారు.

ఆ అంకే ఎందుకంటారా? దాన్ని వరసగా పదిహేనుసార్లు సగం చేయండి, సరిగ్గా ఒకటి మిగులుతుంది. చిప్పులో సగం చేయడమంత తేలికైన పని ఇంకోటి లేదు. ఇంకా నిదానంగా వణికితే నేను పెద్దగా ఉండాలి, నా మోత మీ చెవిన పడుతుంది. ఇంకా వేగంగా వణికితే బ్యాటరీ ఊరుకోదు. ఇప్పుడైతే చిల్లర పైసంత ఉండే సీఆర్2032 బిళ్ల ఒక్కటి చాలు, కరెంటు లేకపోయినా మేం ఏళ్ల తరబడి నడుస్తాం.

మా వంశం గురించి ఒక్క మాట. పలుగుని నొక్కితే కరెంటు పుడుతుందని 1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు, జాక్, పియేర్ కనిపెట్టారు. కరెంటు ఇస్తే అది వంగుతుందని ఆ మరుసటేడాదే తేలింది. 1927లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో మారిసన్, హార్టన్ మొదటి క్వార్ట్జ్ గడియారం నడిపించారు. 1930ల్లో బెర్లిన్‌లో షైబే, ఆడెల్స్‌బెర్గర్ తయారుచేసిన క్వార్ట్జ్ గడియారాలైతే ఏకంగా భూమినే పట్టుకున్నాయి: భూమి తిరిగే వేగం ఏడాది పొడవునా ఒకేలా ఉండదని వాటి లెక్కలు చూపించాయి. 1969 డిసెంబరు 25న జపాన్‌లో సీకో ఆస్ట్రాన్‌తో మేం మణికట్టు ఎక్కాం. నెలకు ఐదు సెకన్ల తేడాలో నడుస్తుందని ఆ రోజుల్లో గొప్పగా చెప్పుకున్నారు.

ఇంత ఘనత విన్నాక నేను బడికి ఎలా వచ్చానో వినండి. తొమ్మిదో తరగతి పిల్లలు ఆర్డ్యునో యూనో బోర్డుతో బెల్లు చేశారు. నేనింకా లేను. బోర్డులో ఉన్న మిల్లీస్ అనే లెక్కతోనే నిమిషాలు కట్టారు. కొద్ది రోజుల్లోనే మూడో పీరియడు రెండో పీరియడులోకి జరిగింది.

"పదహారు మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంది కద్సార్, ఎందుకు తప్పుతోంది?" అన్నాడొకడు.

"ఉంది. కానీ ఎవరిదిరా అది?" అన్నారు సైన్సు సారు. "మెరుస్తున్న ఆ డబ్బా యూఎస్‌బీ చిప్పుది. మన ప్రోగ్రాం నడిచే చిప్పుకి ఇచ్చింది దాని పక్కనున్న ఈ చిన్న ముక్క. సిరామిక్ రెజొనేటర్."

సారు బోర్డు మీద లెక్క రాశారు. అలాంటి రెజొనేటర్‌లో అర శాతం తేడా ఉండొచ్చు. రోజుకు 86,400 సెకన్లు. అందులో అర శాతం 432 సెకన్లు, అంటే ఏడు నిమిషాలకు పైమాటే. మోటారు తిప్పడానికి, దీపం వెలిగించడానికి ఆ ముక్క చక్కగా సరిపోతుంది. నెలలకొద్దీ టైము మోయమంటే మాత్రం దాని వల్ల కాదు. అలా నన్ను తెచ్చారు.

నా కాగితం మీద ఇరవై పీపీఎం అని ఉంది. పది లక్షల సెకన్లకు ఇరవై సెకన్లు అటూ ఇటూ కావచ్చని దాని అర్థం. రోజుకు 1.7 సెకన్లు, ఏడాదికి పదిన్నర నిమిషాలు. కాగితం రాసినవాళ్లు 25 డిగ్రీల చల్లని గదిలో, సరైన సర్క్యూట్‌లో నన్ను కొలిచి రాశారు. అక్కడి నుంచి బడి వరండాకి చాలా దూరం.

మొదటి కష్టం కెపాసిటర్లతో వచ్చింది. నా శృతి నా ఒక్కదాని చేతిలో లేదు. నా రెండు కాళ్ల మధ్య 12.5 పికోఫారడ్‌ల భారం ఉంటేనే నేను చెప్పిన అంకె పలుకుతాను. ఆ భారం డీఎస్1307 తన లోపలే సిద్ధంగా పెట్టుకుంది. ఒక కుర్రాడు పాత సర్క్యూట్ ఏదో చూసి, దానిలాగే నా కాళ్లకి రెండు కెపాసిటర్లు అతికించాడు. భారం పెరిగింది, నేను నెమ్మదించాను. వాటిని పీకేశాక, నన్ను ఇంకో కుర్రాడు పొడుగు వైర్లతో బ్రెడ్‌బోర్డు మీద గుచ్చాడు. పక్కనే బెల్లు రిలే. నా మీద ఆడేది మైక్రోవాటు కూడా లేని సన్నటి సంకేతం. రిలే నుంచి వచ్చిన రొదను చిప్పు నా వణుకులే అనుకుని లెక్కలో కలిపేసుకుంది. గడియారం పరిగెత్తింది. నన్ను చిప్పుకి ఆనించి, చుట్టూ గ్రౌండ్ పరిచి, సోల్డరింగ్ ఫ్లక్స్ జిడ్డు తుడిచేశాక గానీ కుదుటపడలేదు. తుడవడమంటే బ్రష్షుతోనే సుమా. అల్ట్రాసానిక్ తొట్టిలో ముంచితే ఆ అదురుకి నా కొమ్ములు విరిగే ప్రమాదం ఉంది.

అసలు కష్టం ఎండ. నా స్వభావం ఇదీ: 25 డిగ్రీల దగ్గర నేను అత్యంత వేగంగా ఉంటాను. అక్కడి నుంచి వేడెక్కినా చల్లబడినా వెనకబడటమే. ఆ వెనకబాటు డిగ్రీల తేడాకి వర్గంగా పెరుగుతుంది. తేడాని దానితోనే గుణించి, 0.035తో హెచ్చవేస్తే పీపీఎం వస్తుంది. రెంటచింతల మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు, తేడా ఇరవై, వర్గం నాలుగు వందలు, వెనకబాటు 14 పీపీఎం. లంబసింగి చలికాలపు తెల్లవారుజాము 5 డిగ్రీలు, తేడా అక్కడా ఇరవయ్యే, వెనకబాటు అదే 14. మనుషులు ఒకచోట విసనకర్ర, ఇంకోచోట కంబళి వెతుక్కుంటారు. నాకు రెండూ సమానమే, రోజుకు 1.2 సెకన్లు పోతాయి. ఇక రేకుల కింద పెట్టె లోపల 60 డిగ్రీలకు చేరితే 43 పీపీఎం. ఆ వేడి రోజంతా నిలిస్తే 3.7 సెకన్ల నష్టం.

వేసవి సెలవుల తర్వాత బడి తెరిచేసరికి బెల్లు వెనకబడి ఉంది. సారు కొత్త మాడ్యూలు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. డీఎస్3231. సున్నా నుంచి 40 డిగ్రీల దాకా రెండు పీపీఎం లోపలే ఉంటుందట, ఏడాదికి నిమిషం తేడా. పిల్లలు నా వైపు చూసిన చూపు నాకు తెలుసు.

"దాన్లో ఇంకా మంచి క్రిస్టల్ ఉంటది కద్సార్?"

"అదే క్రిస్టల్ రా. అదే 32,768. ఎండకి అదీ వెనకబడుద్ది."

నిజమే. ఆ నల్లటి చిప్పులో ఉన్నది నా తోబుట్టువే. దానికీ అదే 25 డిగ్రీల శిఖరం, అటూ ఇటూ అదే జారుడు. కాకపోతే దానితోపాటు ఒక థర్మామీటరును కూడా లోపలే కాపురం పెట్టించారు. ప్రతి 64 సెకన్లకోసారి చిప్పు వేడి చూస్తుంది, ఈ వేడికి ఈ రాయి ఎంత వెనకబడుతుందో తన పట్టికలో వెతుకుతుంది, ఆ మేరకు కెపాసిటర్ల భారాన్ని సవరిస్తుంది. దాని తప్పు ఎంతో తెలిసినవాళ్లు ఒకరు పక్కన ఉన్నారు, మా ఇద్దరికీ తేడా అంతే.

కిరాణా కొట్లో కిలోరాయి ఎప్పుడూ ఐదు గ్రాములు తక్కువ తూగుతుందని తెలిస్తే, దానితోనే సరైన తూకం వేయొచ్చు. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ తూగే రాయితో ఏ కొట్టూ నడవదు. సారు ఆ రోజు చేయించింది ఇదే. నన్ను పీకకుండా, నా పక్కన డీఎస్18బీ20 అనే వేడి కొలిచే చిప్పు పెట్టించారు. సరైన సెకను కోసం జీపీఎస్ మాడ్యూలు తెచ్చారు. ఉపగ్రహాల్లోని పరమాణు గడియారాలను విని అది సెకనుకొక పల్స్ ఇస్తుంది. చలిలో, నీడలో, ఎండలో పిల్లలు నన్ను దానితో పోల్చి గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టారు. చుక్కలు కలిపితే పైకి లేచి రెండు వైపులా వంగిన పరావలయం వచ్చింది. పదో తరగతి లెక్కల పుస్తకంలో వర్గ బహుపదికి గీసే వక్రం అదేనని గుర్తుపట్టింది ఒక అమ్మాయి.

సవరణ మొదట చాలా సులువనుకున్నారు. పగలు 50, రాత్రి 30, సగటు 40 అనుకుని, ఆ 40కి లెక్క కడితే 7.9 పీపీఎం వచ్చింది. జీపీఎస్ ఒప్పుకోలేదు. ఆ అమ్మాయే మళ్లీ కాగితం తీసి విడివిడిగా కట్టింది. పగటి తేడా 25, వర్గం 625. రాత్రి తేడా ఐదు, వర్గం 25. రెండింటి సగటు 325, వెనకబాటు 11.4. వర్గం చేశాక సగటు తీయాలి గానీ సగటు తీశాక వర్గం చేయకూడదు. మధ్యాహ్నం నేను పోగొట్టుకున్నదాన్ని రాత్రి చల్లదనం తిరిగి ఇవ్వదు, ఇంకొంచెం పోకుండా చూస్తుందంతే. అందుకే ఇప్పుడు ప్రోగ్రాం నిమిషానికోసారి వేడి చూసి, నా బాకీని కూడుతూ పోతుంది. బాకీ ఒక సెకను కాగానే గడియారానికి ఒక సెకను కలుపుతుంది. ఇరవై పీపీఎం వెనకబాటుంటే 50,000 సెకన్లకోసారి, అంటే పద్నాలుగు గంటలకు కాస్త ముందు, ఆ ఒక్క సెకను పడుతుంది.

సరైన టైము అనేదాన్ని ఎవరూ ఒంటరిగా మోయరని నాకు ఈ బళ్లోనే తెలిసింది. దేశపు టైముకి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం అన్నవరం, తుని మధ్య నుంచి పోతుంది. పల్నాడు దానికి పడమర, కనుక ఇక్కడ సూర్యుడు నడినెత్తికి రావడం సగటున పది పన్నెండు నిమిషాలు ఆలస్యం. మరి ఈ ఊరి సూర్యుడు తప్పా? తేడా ఎంతో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ తప్పనరు. దేశానికి టైము చెప్పే ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ కూడా తన సీజియం గడియారాలను ప్రపంచపు గడియారాలతో పోల్చి చూసుకుంటూనే ఉంటుంది.

కాబట్టి గడియారం కొనేటప్పుడు కచ్చితమైనదేనా అని అడిగి ఊరుకోకండి. ఎంత తప్పుతుంది, దేనివల్ల తప్పుతుంది, రేపు కూడా అలాగే తప్పుతుందా అని అడగండి. మొదటి రెంటికీ నా దగ్గర జవాబుంది. మూడోదానికి మాత్రం పూర్తిగా మాటివ్వలేను, ఎందుకంటే నాకూ వయసు మీద పడుతుంది. గొట్టం లోపల కొమ్ముల మీద కంటికి కనిపించని మార్పులు జరిగి, మొదటి ఏడాదిలోనే కొన్ని పీపీఎంలు జరుగుతాను, తర్వాత నెమ్మదిస్తాను. అందుకే సారు ఒక కట్టడి పెట్టారు: ఏటా కొత్త తొమ్మిదో తరగతి నన్ను మళ్లీ కొలిచి, తమ గ్రాఫు తామే గీసుకోవాలి. అన్నల నోటుబుక్కు చూసి పాత అంకెలు దింపేసి, బెల్లు తప్పితే నా మీద పెట్టకూడదు.